అరువుకు వెళ్లిన ముఖం

నా భర్త నన్ను కొట్టిన తర్వాత కిటికీ పక్కన కూర్చోబెట్టి నా బొమ్మ వేసేవాడు. కొట్టిన రోజే కాదు, ఒకట్రెండు రోజులు ఆగేవాడు. చర్మం కింద గడ్డకట్టిన నెత్తురు నల్లబడి, అంచులు పచ్చబారే వేళకి, పొద్దుటి వెలుగు బాగున్నప్పుడు, "జర ఇటొచ్చి కూసో" అనేవాడు. ఆ గొంతులో కోపం ఉండేది కాదు. కొత్త కాపురంలో "చాయ్ తాగుతవా" అని అడిగిన గొంతే అది.

మాది నస్పూర్. బాపు బొగ్గుబావిలో టింబర్‌మన్. లోపల పైకప్పు బండ కూలకుండా దుంగలు నిలబెట్టే పని. కంపెనీ క్వార్టర్లోనే పుట్టి, అక్కడే చదివి, తెలుగు టీచర్నయ్యాను. అతనిది చెన్నూరు. డ్రాయింగ్ మాస్టరు. షిఫ్టు దిగి వచ్చే కార్మికుల బొమ్మలు వేసుకోవడానికి బావి గేటు దగ్గరికి వచ్చేవాడు. ఒకనాడు బాపు బొమ్మ బొగ్గుతోనే వేసి చేతికిచ్చాడు. నుదుటి మీద హెల్మెట్ నొక్కుకున్న గీతతో సహా దిగింది. బాపు దాన్ని ఇంటికి తెచ్చి గోడకు తగిలించి రోజూ చూసుకునేవాడు. "గింత మంచిగ మనిషిని సూసెటోడు మనిషిని మంచిగనే సూసుకుంటడు" అన్నాడు. సంబంధం అలా కలిసింది.

నాకు కరీంనగర్ దగ్గరి బడిలో పోస్టింగ్ వచ్చింది. కరీంనగర్‌లోనే మంకమ్మతోటలో మేడ మీద రెండు గదులు తీసుకున్నాం. కొన్నాళ్లకు అతను మాస్టరు పని మానేసి బొమ్మలకే కూర్చున్నాడు. ముందు గదంతా కాన్వాసులు, నూనె వాసన, టర్పెంటైన్ డబ్బాలు. మొదటిసారి చెయ్యి చేసుకున్నది ఆ గదిలోనే. ఊడుస్తూ తడి ఆరని బొమ్మనొకదాన్ని పక్కకు జరిపాను. చీరచెంగు తగిలి మూల చెరిగింది. కాన్వాస్ బిగించడానికి కోసిపెట్టిన కర్ర తీసుకుని భుజం మీద కొట్టాడు. నేను అరవలేదు, నమ్మలేక చూస్తూ ఉండిపోయాను. అతనూ కర్ర వంక అలాగే చూసి, దాన్ని మళ్లీ జాగ్రత్తగా మిగతా కర్రల్లో పెట్టాడు.

తర్వాత కారణాలు అక్కర్లేకపోయాయి. కూరలో ఉప్పు, బడిలో ఆలస్యం, ఫోన్లో అవ్వతో రెండు మాటలు ఎక్కువ. కింద ఇంటావిడకు అన్నీ వినబడేవి. మా గదిలో ఏదైనా దభీమని పడిందంటే వాళ్ల టీవీ చప్పుడు పెరిగేది. మెట్ల మీద ఎదురైతే ఆమె నా ముఖం చూడకుండా చేతిలోని సంచి వంక చూస్తూ "బడికా టీచర్" అనేది.

ఇప్పుడు చెప్పబోయే బొమ్మ సంగతి ఇది. హైదరాబాదులో ఏదో ప్రదర్శనకు పంపిన అతని బొమ్మలన్నీ తిరిగొచ్చాయి. కట్టలు విప్పకుండా గోడకు ఆనించి కూర్చున్నాడు. "పోనీ తియ్యి, మళ్ల పంపొచ్చు" అన్నాను. లేచి పిడికిలితో ఎడమ కంటి కింద గుద్దాడు. వేలికి ఉంగరం ఉంది. చెవిలో ఏదో పగిలిన చప్పుడు, నోట్లో ఉప్పు. కింద పడ్డాక కడుపులో తన్నాడు. నేను చేతులతో తల కప్పుకుంటే ఆ చేతుల మీద తన్నాడు. తర్వాత స్నానం చేసి, తల దువ్వుకుని బయటికి వెళ్లాడు.

మూడో పొద్దున కిటికీ పక్కన కుర్చీ వేశాడు. కన్ను సగమే తెరుచుకుంటోంది. వారం దాకా వేశాడు. రోజూ కొంచెం కొంచెం వాపు తగ్గుతుంటే అతనికి చికాకు. "రంగు పోతుంది" అన్నాడు ఒకరోజు. దగ్గరికి వచ్చి, నా గడ్డం పైకెత్తి, కంటి కింద ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా ఒత్తి తిప్పాడు. ప్రాణం పోయినంత పనైంది. వెనక్కి వెళ్లి చూసుకుని, "ఆ, గట్లనే ఉండు" అని కుంచె తీసుకున్నాడు.

కరీంనగర్‌లో ప్రభుత్వ చిత్రశాల ఒకటి అప్పుడప్పుడే పుంజుకుంటోంది. దాని అధికారి సిరిసిల్ల మరమగ్గాల ఇంటి ఆడబిడ్డ. బరోడాలో చిత్రకళ చదివి వచ్చింది. మన ప్రాంతపు బొమ్మలు మన దగ్గరే ఉండాలని ఊరూరా తిరిగి చూసి, కొనుగోలు కమిటీ ముందు పెట్టేది. ఆమె మా మేడ మెట్లెక్కి వచ్చి, వరుసగా అన్నీ చూసి, నా బొమ్మ దగ్గర ఆగిపోయింది. కమిటీ పెద్దలకు కూడా అదే నచ్చింది. కొన్నారు. "ఉదయం" అని పేరు పెట్టి పెద్ద హాల్లో మంచి చోట తగిలించారు.

ఆరోజు సభ జరిగింది. అతనికి శాలువా కప్పారు. రిటైరైన లెక్చరర్ ఒకాయన ఆ కంటి కింది నీలం గురించి చాలాసేపు మాట్లాడాడు. వంగపువ్వులో ఉండే నీలమట, తెలంగాణ తెల్లవారుజామున ఆకాశానికుండే నీలమట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ముందు వరుసలో కూర్చుని ఉన్నాను. పక్కనున్నామె నా చెయ్యి నొక్కి "అదృష్టవంతురాలివమ్మా" అంది.

బాపు వచ్చాడు ఆ సభకు, నస్పూర్ నుంచి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని. అందరూ టీలకు లేచాక బొమ్మ దగ్గరికి పోయాడు. అడ్డంగా కట్టిన తాడు దాటొద్దని కాపలా మనిషి చెప్పినా వినిపించుకోలేదు. బావిలో బండ కూలినప్పుడు కిందినుంచి మనుషుల్ని బయటికి మోసిన మనిషి బాపు. బతికినవాళ్లనూ మోశాడు, బతకనివాళ్లనూ మోశాడు. చాలాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"గిది ఎప్పటిది బిడ్డా?"

"నిరుడు బాపు."

"నేను బొమ్మ సంగతి అడుగుతలేను."

అవతల అల్లుడు ఎవరికో చెయ్యి కలుపుతూ నవ్వుతున్నాడు. బాపు బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెనకాలే వెళ్లాను. ఆయన వక్కపొడి పొట్లం విప్పి, నోట్లో వేసుకోకుండానే మళ్లీ మడిచాడు.

"నడువు, ఇంటికి పోదాం. గిప్పుడే."

"ఇప్పుడు మంచిగనే ఉంటుండు బాపు. పేరు వచ్చినంక కోపం తగ్గింది."

అది అబద్ధం కాదు. బొమ్మ కొన్న కబురు తెలిసినప్పటి నుంచి నా మీద చెయ్యి పడలేదు. ఇంక పడదేమో అని నిజంగానే అనుకున్నాను. బాపు నా తల మీద చెయ్యి వేసి, మళ్లీ హాల్లోకి రాకుండా అటునుంచి అటే బస్టాండుకు పోయాడు. ఇంట్లో గోడకున్న తన బొమ్మ తీసి పొయ్యిలో పెట్టాడని అవ్వ తర్వాత చెప్పింది.

కొట్టడం ఆర్నెల్లు ఆగింది. తర్వాత కొత్త బొమ్మలేవీ ఎవరికీ నచ్చలేదు. "అంతకుముందు వేసినట్టు వెయ్యండి" అని అందరూ అడగసాగారు. అంతకుముందు ఎలా వేశాడో అతనికి తెలుసు, నాకు తెలుసు.

జర్మనీలో ఒకప్పటి బొగ్గు ఊళ్లో పెద్ద ప్రభుత్వ చిత్రశాల ఉందట. బావులన్నీ మూసేశాక, లోకంలోని బొగ్గు ప్రాంతాల బొమ్మలన్నీ అరువు తెచ్చి ఒకచోట ప్రదర్శించాలని పూనుకున్నారు. కరీంనగర్ చిత్రశాలను కొన్ని అడిగారు. అందులో "ఉదయం" మొదటిది. ఇవ్వబోయే బొమ్మ ఏ స్థితిలో ఉందో ముందే చూసి రాసుకోవడం వాళ్ల పద్ధతి. ఎక్కడ పగులు, ఎక్కడ మరక, అన్నీ ఇరువైపులా ఒప్పుకోవాలి. రేపు దారిలో దెబ్బ తగిలితే ఎవరి పూచీ అన్న గొడవ రాకుండా. ఆ పని మీద అక్కడినుంచి ఒకామె వచ్చింది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, చేతులకు గ్లౌజులు, చిన్న దీపం. బొమ్మ పక్కన నన్ను నిలబెట్టి ఫొటో తీసుకోవాలన్నారని అతను నన్నూ తీసుకెళ్లాడు. అప్పటికి నాలుగు రోజుల కిందటి దెబ్బ చెవి వెనక ఉంది. జడ వదులుగా వేసుకుని కప్పుకున్నాను.

బొమ్మను బల్ల మీద పడుకోబెట్టారు. ఆమె దీపాన్ని పక్కనుంచి పట్టుకుని, కుంచె గాట్లు నీడలు పడేలా, మూలనుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా వస్తోంది. మా అధికారి పక్కన నిలబడి ఆమె ఇంగ్లీషును తెలుగు చేస్తోంది. దీపం ఎడమ కంటి కిందికి వచ్చి ఆగింది.

"ఇక్కడ రంగు ఏమైనా మారిందా అంటున్నారు. తేమ తగిలిందా, లేకపోతే తర్వాత మళ్లీ వేశారా?"

"లేదు మేడం. గది నీడ. కిటికీ చువ్వ నీడ" అన్నాడు అతను.

ఆమె బొమ్మలోని కిటికీ చూసింది, ముఖం చూసింది. ఏదో అంది.

"వెలుగు ఇటునుంచే వస్తోంది కదా, మరి నీడ కూడా ఇటే ఎలా పడింది అంటున్నారు."

అతను నవ్వాడు. "కళ అంటే గంతే మేడం. ఉన్నదున్నట్టు ఏస్తే ఫొటో అయితది."

వాళ్లు ముగ్గురూ బల్ల మీదికి వంగి నా ముఖం చూస్తున్నారు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఎందుకు ఆ క్షణంలో నోరు తెరిచానో ఇప్పటికీ చెప్పలేను. ధైర్యం కాదు. నా ముఖం గురించి అబద్ధం నా ఎదురుగా నిలబడి చెబుతుంటే ఒళ్లు మండింది.

"నీడ కాదు మేడం, దెబ్బ. ఈయనే కొట్టిండు. కొట్టినంక కూసోవెట్టి ఏసిండు."

మా అధికారి దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. నేనే నాకొచ్చిన ఇంగ్లీషులో బల్ల మీది ముఖాన్ని చూపించి, "బీటింగ్. హజ్బెండ్ బీటింగ్" అన్నాను. జడ తీసి చెవి వెనక చూపించాను. జర్మనీ ఆవిడ దీపం ఆర్పేసింది.

"మా ఆడామెకు తబియత్ బాగుండదు. మందులు వాడుతున్నం" అన్నాడు అతను ఏమీ జరగనట్టు.

అధికారి అతన్ని మాటల్లో పెట్టి పై గదికి తీసుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ నా చెవిలో, "టీచర్, మీరు ఇక్కడే ఉండుండ్రి, నేను పోలీసులకు ఫోన్ చేస్త" అంది. నేను ఉండలేదు. సర్టిఫికెట్లు, రెండు జతల బట్టలు సంచిలో వేసుకుని నస్పూర్ బస్సెక్కాలి, అతను వాళ్లతో ఉన్నప్పుడే అది జరగాలి. ఆటో ఎక్కాను.

బీరువా తలుపు తీస్తుంటే వెనక గడియ పడింది. పై గదిలోంచి ఎలా బయటపడ్డాడో, బండి మీద నా వెనకాలే వచ్చి ముందు గదిలో నిలబడి ఉన్నాడు.

"నా బొమ్మ నాశనం జేసినవ్" అన్నాడు. అరవలేదు. గోడకున్న కర్రల్లో లావుది ఏరుకున్నాడు.

మొదటి దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టాను. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. కుడి ముంజేయి మధ్యలో ఇంకో మోచెయ్యి మొలిచినట్టు వంగిపోయింది. ఎముక కొస తోలు పొడుచుకుని తెల్లగా కనబడింది. నొప్పి తర్వాత వచ్చింది. నడుం మీద, తొడల మీద కొడుతూనే ఉన్నాడు. కర్ర చీలితే దాన్ని పారేసి, రంగులు తుడిచే గుడ్డ నా మెడకు చుట్టి బిగించాడు. కళ్ల ముందు నల్లటి చుక్కలు. ఎడమ చెయ్యి నేలమీద కొట్టుకుంటుంటే డబ్బా తగిలింది. మూత లేదు. ఎత్తి వెనక్కి, అతని ముఖాన పోశాను. టర్పెంటైన్.

అతను అరిచిన అరుపు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. కళ్లు మూసుకుని గోడలకు కొట్టుకుంటూ నీళ్ల కోసం తిరుగుతున్నాడు. తడి కాన్వాసులు కాళ్ల కింద పడి చిరుగుతున్నాయి. గడియ తీసి, మెట్ల మీద సగం దిగి సగం జారి కింద పడ్డాను. టీవీ చప్పుడు ఆగింది. ఇంటావిడ బయటికొచ్చి నా చెయ్యి చూసి తలుపు పట్టుకుంది. తర్వాత ఆమే తన చీరతో చెయ్యి కట్టి, ఆటోలో నన్ను ఒళ్లో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారంతా ఏడుస్తూ, "నా నోరు వడిపోయింది బిడ్డా, నా నోరు వడిపోయింది" అంటూనే ఉంది.

చేతిలో ఇనుప పట్టీ వేసి స్క్రూలు బిగించారు. నస్పూర్‌లో అవ్వ దగ్గర పడుకున్నాను. స్టేషన్లో ఫిర్యాదు తీసుకున్నారు కానీ కేసు కట్టలేదు. భార్యాభర్తల సంగతి, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేసుకోండి అన్నారు. పైగా నేను అతని కళ్లల్లో మందు పోశాను కదా, అతనూ కేసు పెడితే అన్నారు.

నా తమ్ముడు ఆ మాట విని లేచిపోయాడు. బాపు ఒంట్లో బాగాలేక బావి దిగలేని స్థితి వచ్చింది కనుక ఆ ఉద్యోగం తమ్ముడికి రావలసి ఉంది. కాగితాలు నడుస్తున్నాయి. వాడు స్నేహితుణ్ని వెంటేసుకుని కరీంనగర్ పోయి, బజారులో చాయ్ తాగుతున్న అతన్ని పట్టుకుని, కుడిచేతిని బండ మీద పెట్టించి రోకలితో వేళ్లు చితక్కొట్టాడు. తిరిగొచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు. చొక్కా మీద నెత్తుటి చుక్కలు.

"ఇగ కుంచె పట్టడు అక్కా. ఫికర్ వడకు."

సంతోషం కలుగుతుందనుకున్నాడు పాపం. నేను ఆ చుక్కలే చూస్తున్నాను. అతని వేళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు, గోళ్ల కింద రంగుతో. అవి నలిగిన చప్పుడు ఊహలోకి వచ్చి వాంతయింది. తమ్ముణ్ని మర్నాడే పట్టుకుపోయారు. కేసుంది కనుక ఉద్యోగం ఆగింది. అవ్వ ఆ ఏడుపు నా ముందు ఏడవలేదు, కానీ ఇంట్లో అందరికీ వినబడేది.

చిత్రశాల అధికారి నన్ను వెతుక్కుంటూ నస్పూర్ వచ్చింది. క్వార్టర్ ముందు వేపచెట్టు కింద కుర్చీ వేశాం. అవ్వ ఇచ్చిన చాయ్ గ్లాసు పక్కన పెట్టి చెప్పింది.

"బొమ్మ చిత్రశాలది టీచర్. మీ సంతకం అక్కర్లేదు. అయినా అడగకుండ పంపబుద్ధి కాలే. జర్మనీవాళ్లు ఇప్పటికీ కావాలంటున్నరు. వద్దంటే కమిటీతో నేను కొట్లాడి ఆపుత."

అవ్వ లోపలినుంచే అందుకుంది. "అరువు సొమ్ములు బరువు చేటంటరు. మనిషి మొఖం గూడ అరువుకు వోతదా? కాలవెట్టుండ్రి దాన్ని."

బాపు దగ్గుకుంటూ అన్నాడు. "కాలవెడ్తె వాని తప్పు గూడ కాలిపోతది. నీ మొఖం, నీ ఇష్టం బిడ్డా."

నేను రెండు రోజులు ఆలోచించి ఫోన్ చేశాను. పంపండి, కానీ బొమ్మ కింద పేరుతో పాటు నేను చెప్పిన మాట కూడా ఉండాలి అన్నాను. కంటి కింద ఉన్నది చిత్రకారుడు కొట్టిన దెబ్బ అని ఇందులో ఉన్న స్త్రీ చెబుతోంది. అంతే. కమిటీలో సగంమంది ఒప్పుకోలేదు. కోర్టు తేల్చని మాట గోడమీద ఎలా రాస్తామన్నారు. ఆమె చెబుతోందని రాయడానికి కోర్టు ఎందుకని అధికారి వాదించింది. జర్మనీవాళ్లు తమకేమీ అభ్యంతరం లేదన్నారు. చివరికి ఒప్పుకున్నారు. సముద్రాలు దాటేముందు, వెళ్లే బొమ్మలన్నిటినీ కొన్నాళ్లు కరీంనగర్‌లోనే ప్రదర్శనకు పెట్టారు, ఆ మాటతో సహా. తెలుగులో, ఇంగ్లీషులో.

మొదటి రోజు వెళ్లాను. ఆడవాళ్లు గుంపుగా నిలబడి చదువుతున్నారు. ఒకామె చదివి, బొమ్మ చూసి, మళ్లీ చదివింది. అప్పుడే తలుపు దగ్గర అతను కనబడ్డాడు. కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నన్ను చూశాడు. వేగంగా నా వైపే వస్తున్నాడు. ఎడమ చేతిలో కాన్వాస్ కోసే కత్తి ఉంది.

నా కోసమే అనుకున్నాను. ఇనుప పట్టీ ఉన్న చేతినే మళ్లీ అడ్డం పెట్టాను. కళ్లు మూసుకోలేదు. అతను నన్ను రాసుకుంటూ దాటిపోయి, తాడు తన్నేసి, బొమ్మలో కంటి కింద కత్తి దించాడు. దించి గడ్డం దాకా లాగాడు. కొత్తబట్ట చింపినట్టు చప్పుడు. ఆడవాళ్లు కెవ్వుమని చెదిరిపోయారు. మళ్లీ పొడిచాడు, మెడ మీద, నోటి మీద. ఎడమ చేతివాటం లేదు కనుక ఒక పోటు చట్రానికి తగిలి కత్తి జారి అతని అరచెయ్యే కోసుకుంది. నెత్తురు బొమ్మ మీద కారింది. కాపలావాళ్లు ఇద్దరు మీద పడి నేలకేసి అదిమారు. చెంప నేలకు నొక్కుకుపోయి, "నా బొమ్మ గది. నాది. నా ఇష్టం" అంటున్నాడు.

పోలీసులు నిమిషాల్లో వచ్చారు. ప్రభుత్వ ఆస్తి. కెమెరాల్లో అంతా ఉంది. సాయంత్రానికి రిమాండుకు పంపారు. సాక్షిగా నన్నూ స్టేషన్‌కు పిలిచారు. అదే స్టేషన్, అదే బల్ల. ఎస్సై రాసుకుంటుంటే నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"ఏమైందమ్మా?" అన్నాడు.

"గుడ్డ చిరిగితె పొద్దుగూకకముందే జైలుకు తోలిచ్చిన్రు సారు. నా బొక్క ఇరిగితె రాజీ పడుమన్నరు."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. పాత ఫిర్యాదు తీయించి, నా ఎదురుగానే కేసు కట్టాడు. హాల్లో చూసినవాళ్లంతా పత్రికలకు చెప్పాక కట్టక తప్పలేదనీ అనుకోవచ్చు.

బొమ్మను బాగుచేయించాలా అని అధికారి అడిగింది. చేయించండి అన్నాను. హైదరాబాదులో వెనకనుంచి గుడ్డ అతికించి, పోగులు కలిపి చిరుగులు పూడ్చారు. జర్మనీ ప్రదర్శనకు ఆలస్యంగానే అయినా వెళ్లింది. చెక్కపెట్టెలో పెట్టి మేకులు కాకుండా మరలు బిగించారు. అక్కడ గోడకెక్కాక అధికారి నా ఫోన్‌కు ఒక ఫొటో పంపింది. తెల్లటి గోడ, కింద నా మాట వాళ్ల భాషలో. ముందు నిలబడ్డ పెద్దాయన ఒకడు దాన్ని చూడడం మానేసి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. నాకెందుకో అది చూసి కోపం రాలేదు. అక్కడ చలి అనుకున్నాను.

విడాకులు వచ్చాయి. అతను బెయిలు మీద బయటికొచ్చి చెన్నూరులో ఉంటున్నాడు, ఎడమ చేత్తో బొమ్మలు వేస్తున్నాడని విన్నాను. బాగుంటున్నాయని కూడా విన్నాను. నన్ను కొట్టిన కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది. తమ్ముడి కేసు రాజీ అయింది, ఉద్యోగం మాత్రం రాలేదు. మంచిర్యాలలో ట్రాలీ నడుపుతున్నాడు. నాతో మాట్లాడతాడు కానీ కళ్లలోకి చూడడు. బాపు నిరుడు పోయాడు.

నేను బదిలీ అడుక్కుని ఆదిలాబాద్ జిల్లా బోథ్ వచ్చాను. పత్తి చేల మధ్య ఊరు. బడి పక్కనే గది. బోర్డు మీద రాసేటప్పుడు చెయ్యి భుజం పైకి లేవదు, అందుకని కింద సగమే రాస్తాను. పిల్లలు అలవాటు పడ్డారు.

పోయిన చలికాలం ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింట్లో చప్పుడు వినబడింది. ఏది దేనికి తగిలితే ఆ చప్పుడు వస్తుందో నాకు తెలుసు. ఇంటాయన పత్తి మిల్లులో పనిచేస్తాడు. భార్య ఉట్నూరు వైపు అమ్మాయి, మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడుతుంది. వెళ్లి తలుపు బాదాను. బాదుతూనే ఉన్నాను. అతను తలుపు తీశాడు, చేతిలో బెల్టు ఉంది.

"నీకేం పని బాయి? మా ఇంటి ముచ్చట."

"బయటికి పంపు ఆమెను."

భుజం పట్టుకుని తోశాడు. మెట్టు మీద తూలి గోడ పట్టుకున్నాను. పోలేదు. వీధిలో నలుగురు ఆగి చూస్తున్నారు. అతను వాళ్లను చూసి తలుపు వదిలి లోపలికి పోయాడు. ఆ అమ్మాయి బయటికొచ్చింది, పెదవి చిట్లి ఉంది. నా గదిలో కూర్చుని చాయ్ తాగింది. మంచం మీద పడుకుని నిద్రపోయింది. మర్నాడు పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, "పొయ్యొస్త టీచర్" అని తిరిగి ఆ ఇంటికే వెళ్లింది.